డ్రమ్ముల్నీ మనుషుల్నీ కొట్టినవాడు

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. దుర్గాష్టమి. కె.కోటపాడులో మా వీధి చివర అమ్మవారి పందిరి దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. ఆకు దొప్పల్లో పులిహోర పంచుతున్నారు. ఓ పక్క డీజే బాక్సులు, ఇంకో పక్క డప్పులు. ఒకదాని మాట ఒకటి వినడం లేదు. దసరా సెలవులకి వైజాగ్ నుంచి ఊరికొచ్చిన నేను దొప్ప చేత్తో పట్టుకుని నిలబడ్డా. జేబులో ఫోన్ వణికింది. తీసి చూస్తే ఒకటే లైను. జింజర్ బేకర్ చనిపోయాడు. వయసు 80.

కాసేపు పులిహోర గొంతు దిగలేదు. పక్కనున్న మా పెదనాన్న కొడుకు నా మొహం చూసి, "ఏటైంది? ఎవులు పోనారు?" అన్నాడు. 

"డ్రమ్ములు కొట్టే ఆయన. ఇంగ్లండ్‌లో."

"మనూరు తీర్థానికి ఎప్పుడైనా వచ్చినాడేటి?"

రాలేదు. వచ్చుంటే ఏమయ్యేదో ఊహించుకుంటే నవ్వొచ్చింది. డీజే బాక్సుల వైర్లు పీకేసేవాడు. డప్పులాయన పక్కన కూచుని తెల్లారేదాకా వాయించేవాడు. పొద్దున్నే కమిటీ వాళ్లతో గొడవ పెట్టుకుని, చేతికర్రతో ఒకర్నో ఇద్దర్నో కొట్టి మరీ వెళ్లేవాడు. నిజంగానే. ఆయన అలాంటి మనిషి.

ఈ వారం ఆయన గురించి రాద్దామనుకున్నా. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, ఇంకో మనిషి గురించి రాయకుండా ఈయన గురించి రాయలేనని. ఆ సంగతి తర్వాత చెబుతా.

సైకిల్ పోయింది, డ్రమ్ములు దొరికాయి

అసలు పేరు పీటర్ ఎడ్వర్డ్ బేకర్. ఎర్రజుత్తు వల్ల జింజర్ అన్నారు, అదే స్థిరపడిపోయింది. పుట్టింది 1939 ఆగస్టు 19న, దక్షిణ లండన్‌లో. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే మొదలవబోతోంది. తండ్రి సైన్యంలోకి వెళ్లి 1943లో చనిపోయాడు. పిల్లాడికి అప్పటికి నాలుగేళ్లు. కొడుక్కి 14 ఏళ్లొచ్చాక ఇవ్వమని ఆ తండ్రి ఓ ఉత్తరం రాసి ఉంచాడు. ఈ లోకంలో నీ పిడికిళ్లే నీకు నేస్తాలు అన్న అర్థం వచ్చే మాట అందులో ఉందట. ఆ ఒక్క మాటనీ కుర్రాడు జీవితాంతం తు.చ. తప్పకుండా పాటించాడు.

మొదట డ్రమ్మర్ అవుదామనుకోలేదు. సైకిల్ రేసుల్లో గెలవాలని కల. టీనేజీలో ఉండగా ఓ టాక్సీ గుద్ది సైకిల్ తుక్కయిపోయింది. కొత్తది కొనే డబ్బుల్లేవు. బడిలో బెంచీల మీద దరువులేసే అలవాటు మాత్రం ఉంది. ఓ పార్టీలో స్నేహితులు తోసి తోసి డ్రమ్ముల ముందు కూచోబెట్టారు. అంతే. సైకిల్ తొక్కిన ఆ కాళ్లే తర్వాత రెండు పెద్ద డ్రమ్ముల్ని పరుగులెత్తించాయేమో అని నాకో అనుమానం.

చెవి మాత్రం జాజ్ వైపు ఉండేది. ఫిల్ సీమన్ అనే ఇంగ్లిష్ జాజ్ డ్రమ్మర్ ఈయనకి గురువు. ఆ గురువు రెండు విషయాలు అలవాటు చేశాడు. ఒకటి ఆఫ్రికా దరువులు. రెండోది హెరాయిన్. మొదటిది ఆయన్ని నిలబెట్టింది, రెండోది ఇరవై ఏళ్ల పాటు పీల్చి పిప్పి చేసింది.

1962లో బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్ అనే బ్యాండులో చేరాడు. అక్కడ ఈయనకి కుర్చీ వదిలి వెళ్లిన డ్రమ్మర్ ఎవరో తెలుసా? చార్లీ వాట్స్. ఆ తర్వాత రోలింగ్ స్టోన్స్‌లో చేరి 2021లో పోయేదాకా అక్కడే వాయించాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1966లో ఎరిక్ క్లాప్టన్ గిటారు, జాక్ బ్రూస్ బేస్ గిటారు, గొంతు, బేకర్ డ్రమ్ములు. ముగ్గురే ముగ్గురు. బ్యాండు పేరు క్రీమ్. అంటే మీగడ. మేమే ఇక్కడి మీగడ అని వాళ్లకి వాళ్లే పేరు పెట్టుకున్నారు, అబద్ధం కూడా కాదు. రెండేళ్లే ఉన్నారు. 1968 నవంబరు 26న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో వీడ్కోలు కచేరీ చేసి విడిపోయారు. రాక్ సంగీతంలో ముగ్గురు మనుషులు ఎంత పెద్ద చప్పుడు చెయ్యగలరో ఆ రెండేళ్లలో తేల్చేశారు.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి

చదవడం ఓ నిమిషం ఆపండి. ఫోన్‌లో 'వైట్ రూమ్' అని కొట్టండి. పాట మొదట్లో కొన్ని క్షణాలు పెద్దగా, బరువుగా ఓ దరువు నడుస్తుంది. దాన్ని వేళ్ల మీద లెక్కపెట్టండి. నాలుగుకి సరిపోదు. అయిదు. మన మృదంగం పిల్లలు 'త-క-త-కి-ట' అంటారే, ఆ ఖండం లెక్క. సినిమా పాటలకి అలవాటుపడ్డ మన కాలు నాలుగు దగ్గర ఆగుదామని చూస్తుంది, ఆయన ఆగనివ్వడు. ఆ తర్వాత పాట మామూలు నాలుగులోకి దిగినప్పుడు గేటు తీసి రోడ్డు మీదకి వదిలినట్టు ఉంటుంది.

తర్వాత 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్'. రాక్ పాటల్లో దెబ్బ ఎక్కడ పడుతుందో మీకు తెలియకుండానే తెలుసు. ఒకటి-రెండు-మూడు-నాలుగులో రెండు మీద, నాలుగు మీద. చప్పట్లు కొట్టేది అక్కడే. ఈ పాటలో బేకర్ దాన్ని తిరగేశాడు. బరువు ఒకటి మీద, మూడు మీద పెట్టాడు. అదీ ఫెళ్లుమనే చిన్న డ్రమ్ము మీద కాదు, లోతుగా మోగే టామ్ డ్రమ్ముల మీద. ఇప్పుడు కళ్లు మూసుకుని వినండి. మా చోడవరం వైపు జాతరలో అమ్మవారి ఘటం వెనక నడిచే డప్పుల నడక గుర్తొస్తుంది. నాకైతే వచ్చింది. పదిహేడేళ్ల వయసులో, ఇంటర్నెట్ సెంటర్‌లో, గంటకి పదిహేను రూపాయలిచ్చి మొదటిసారి విన్నప్పుడు, "ఇదేంటి, మా మేస్టారు ఇంగ్లండ్ ఎప్పుడెళ్లారు?" అనుకున్నా.

ఇంకొక్కటి. ఈయన గురించి ఎవరు రాసినా పాలీరిథమ్ అనే మాట వాడతారు. అదేమీ బ్రహ్మవిద్య కాదు. బల్ల మీద మీరే చెయ్యొచ్చు. ఆరు వరకు లెక్కపెట్టండి. కుడిచెయ్యి ఒకటి, మూడు, అయిదు మీద కొట్టాలి. ఎడమచెయ్యి ఒకటి, నాలుగు మీద కొట్టాలి. ఒకే సమయంలో ఒక చెయ్యి మూడు నడుస్తోంది, ఇంకో చెయ్యి రెండు నడుస్తోంది. కష్టంగా ఉందా? ఇప్పుడు దానికి రెండు కాళ్లు కలపండి. నాలుగూ నాలుగు దారుల్లో వెళ్లాలి, అయినా అందరూ ఒకే గుమ్మం దగ్గర కలవాలి. బేకర్ అది పాట మధ్యలో, క్లాప్టన్ గిటారు మోగుతుండగా చేసేవాడు. 

'టోడ్' అని ఆయన డ్రమ్ములకోసమే ఉన్న ముక్క ఉంది. 1968లో వచ్చిన 'వీల్స్ ఆఫ్ ఫైర్'లో కచేరీ రికార్డింగు పదహారు నిమిషాలపైన ఉంటుంది. అందులో చాలాసేపు ఆయన ఒక్కడే. రాక్ కచేరీలో డ్రమ్మర్‌ని ఒంటరిగా వదిలేసి మిగతావాళ్లు పక్కకి తప్పుకోవడం అనే ఆనవాయితీ బలపడింది ఈయన వల్లే. రెండు బేస్ డ్రమ్ములు పెట్టుకుని వాయించడం రాక్‌లో పాకిందీ ఈయన, కీత్ మూన్ లాంటి ఒకరిద్దరి వల్లే. ఇవాళ మీరు వినే మెటల్ బ్యాండ్లలో ఆ గుండెలు అదిరే కాళ్ల దరువు ఉంది చూశారూ, దాని తాతల్లో ఈయన ఒకడు. రాక్ డ్రమ్మర్ అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "జాజ్ డ్రమ్మర్ని" అని కొట్టిపారేసేవాడు.

గేటు మీద బోర్డు

ఇక రెండో సగం.

జాక్ బ్రూస్‌తో ఆయన గొడవలు క్రీమ్ కంటే ముందే మొదలయ్యాయి. అంతకుముందు గ్రాహమ్ బాండ్ బ్యాండులో ఇద్దరూ కలిసి వాయించేవారు. వేదిక మీదే కొట్టుకున్నారు. చివరికి బేకరే బ్రూస్‌ని పనిలోంచి తీసేశాడు. అయినా బ్రూస్ వాయించడానికి వస్తూనే ఉంటే కత్తి చూపించి వెళ్లగొట్టాడు. ఆ తర్వాత కొత్త బ్యాండు పెడదామని బేకర్ క్లాప్టన్‌ని అడిగాడు. క్లాప్టన్ సరే అన్నాడు, బ్రూస్ ఉంటేనే అన్నాడు. అప్పుడు బేకర్ కారు నడుపుతున్నాడు. ఆ మాట వినగానే కారు ఎక్కడో గుద్దేసేంత పనయిందని క్లాప్టనే చెప్పుకున్నాడు.

ఎక్కడా కుదురుగా ఉండలేదు. క్రీమ్ తర్వాత బ్లైండ్ ఫెయిత్, అది ఏడాది లోపే ముగిసింది. 1971లో రేంజ్ రోవర్ వేసుకుని సహారా ఎడారి దాటి నైజీరియా వెళ్లాడు. లాగోస్‌లో ఫెలా కుటితో కలిసి వాయించాడు, అక్కడే స్టూడియో కట్టాడు. పాల్ మెకార్ట్‌నీ 1973లో లాగోస్ వచ్చి 'బ్యాండ్ ఆన్ ద రన్' చేసినప్పుడు అందులో ఒక పాట ఈయన స్టూడియోలోనే రికార్డయింది. తెల్ల సంగీతకారులు ఆఫ్రికా దరువుని రికార్డుల్లో విని మురిసిపోతున్న రోజుల్లో, ఈయన వెళ్లి ఆ దరువు పక్కన నేల మీద కూచున్నాడు. అది నాకు చాలా నచ్చే విషయం. స్టూడియో మాత్రం నిలవలేదు. పోలో ఆట పిచ్చి పట్టింది, గుర్రాలకి డబ్బు కుమ్మరించాడు. ఇటలీలో ఆలివ్ తోట పెట్టుకున్నాడు. అమెరికా వెళ్లాడు. దక్షిణాఫ్రికా వెళ్లాడు. నాలుగు పెళ్లిళ్లు. 2005లో క్రీమ్ మళ్లీ కలిసి లండన్‌లో నాలుగు రాత్రులు, న్యూయార్క్‌లో మూడు రాత్రులు వాయించింది. ఆ న్యూయార్క్‌లోనే వేదిక మీద మళ్లీ బ్రూస్‌తో గొడవ. అప్పటికి ఇద్దరూ అరవై దాటినవాళ్లు.

ఈయన మీద 2012లో 'బివేర్ ఆఫ్ మిస్టర్ బేకర్' అని డాక్యుమెంటరీ వచ్చింది. దక్షిణాఫ్రికాలో ఆయన ఇంటి గేటు దగ్గర బోర్డు పెట్టుకున్నాడు, బేకర్ ఉన్నాడు జాగ్రత్త అని. సినిమా పేరు దాన్నుంచే వచ్చింది. మన ఊళ్లో కుక్క ఉన్నది జాగ్రత్త అని పెడతారు. ఈయన కుక్క పేరు చెప్పుకోలేదు, తన పేరే రాయించుకున్నాడు. సినిమా ఎలా మొదలవుతుందంటే, బేకర్ చేతికర్రతో దర్శకుడు జే బల్గర్ ముక్కు మీద కొడతాడు. రక్తం కారుతుంది. ఆ సీన్ చూసి మొదటిసారి నేనూ నవ్వా. హాస్టల్ గదిలో అయిదుగురం కలిసి చూశాం, అయిదుగురం నవ్వాం. 

రెండోసారి నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ దెబ్బ నాకు తెలుసు.

మా మేస్టారు

ఇప్పుడు ఆ ఇంకో మనిషి. పేరు రాయను. మా మండలంలో బ్యాండు మేళం నడిపినాయన, అందరికీ ఆయన మేస్టారు. సైడు డ్రమ్ము మెడలో వేసుకుంటే ఊరేగింపులో పెళ్లికొడుకుని చూడ్డం మానేసి జనం ఆయన్ని చూసేవారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఇంట్లో చెప్పకుండా ఆయన దగ్గరికి వెళ్లేవాణ్ణి. తర్వాత సెలవుల్లో, పెళ్లిళ్ల సీజన్లో, సంక్రాంతి దాటాక వచ్చే తీర్థాల్లో మేళంతో తిరిగా. 

నోటేషన్ లేదు, పుస్తకం లేదు. "సేతులు తర్వాతరా గుంటా, ముందు కాళ్లు నడవాల" అనేవారు. మేళం అంటే నడుస్తూ వాయించాలి కదా. నడకే తాళం. చెరకు తోటల మధ్య మట్టి రోడ్డు మీద వట్టి చేతులతో మమ్మల్ని నడిపించేవారు. ఎడం కాలు, కుడి కాలు, నోటితో దరువు. గుంత వచ్చినా, పేడ వచ్చినా అడుగు తప్పకూడదు. ఇవాళ ఆఫీసు మెట్లెక్కుతున్నా నా అడుగులు సమంగా పడతాయి. అది ఆయనిచ్చిందే. 

తప్పితే కొట్టేవారు. డ్రమ్ము పుల్లతో. వీపు మీద, మోచేతి మీద, వేళ్ల మీద. "సెవులెక్కడెట్టుకున్నావురా?" అని అడుగుతూ కొట్టేవారు. అందరికీ పడేవి. సొంత కొడుక్కి ఇంకాస్త ఎక్కువ పడేవి. వాడు నా ఈడువాడే.

కానీ ఇదీ చెప్పాలి. పెళ్లివాళ్లు ఒప్పుకున్న డబ్బులో కోత పెడితే ఆయన ఊరుకునేవారు కాదు. ఓసారి పంక్తిలో అందరూ తిని లేచేదాకా మేళం వాళ్లని పందిరి బయట ఎండలో నిలబెట్టారు. మేస్టారు లోపలికెళ్లి అడ్వాన్సు నోట్లు పెళ్లిపెద్ద కాళ్ల దగ్గర విసిరేసి, "ఎవులికి కావాల మీ కూడు, పదండ్రా" అని మమ్మల్ని తీసుకొచ్చేశారు. ఆ రోజు అందరం రోడ్డు పక్క కొట్టులో బజ్జీలు తిన్నాం. డబ్బులు ఆయనే ఇచ్చారు. ఆ రోజు ఆయన కోసం ఏమైనా చేసేవాణ్ణి.

నాకు పదహారేళ్లప్పుడు దేవరాపల్లి వైపు ఓ పెళ్లి. రాత్రి ఊరేగింపు. నా తాళం పరిగెత్తింది. నిజమే, నాదే తప్పు, ఎదురుగా మా క్లాసు అమ్మాయిలున్నారు, గొప్ప చూపిద్దామనుకున్నా. మేస్టారు వాయిస్తూనే పక్కకి జరిగి, నా కుడిచేతి వేళ్ల మీద పుల్లతో ఒక్కటి కొట్టారు. గట్టిగా. అందరి ముందు. చిటికెన వేలు విరిగింది. పుల్లలు రోడ్డు మీద పడేసి, డ్రమ్ము తీసి ఎవరి చేతిలోనో పెట్టి, చీకట్లో నడుచుకుంటూ వచ్చేశా. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఇది టైపు చేస్తున్నప్పుడు కూడా అది పక్కకే ఉంది.

2017 వేసవిలో మేస్టారు పోయారని అమ్మ ఫోన్ చేసింది. వైజాగ్ నుంచి ఎంత దూరం? బస్సెక్కితే పూట పని. సెలవు దొరకలేదని చెప్పా. సెలవు ఉంది.

గొప్పవాళ్లు అంతేనా?

బేకర్ పోయిన రాత్రి నుంచి నివాళులు చదువుతున్నా. చాలావాటిలో ఒకటే మాట. కోపిష్టి, కానీ ప్రతిభ అలాంటిది. మన దగ్గరా అంతే. "ఆయన చెయ్యి చేసుకుంటాడు గానీ విద్య మాత్రం..." అని మొదలెడతాం. గురువు కొడితే అది దీవెన అంటాం. దెబ్బ తిన్నవాడు పెద్దయ్యాక వాడే ఆ మాట అంటాడు. నేనూ అన్నా, చాలాసార్లు, స్నేహితుల ముందు వేలు చూపించి గొప్పగా.

అది నిజం కాదని ఇప్పుడనిపిస్తోంది. సాక్ష్యం ఎవరో కాదు, ఇందాక గుర్తుపెట్టుకోమన్న చార్లీ వాట్స్. అదే తరం, అదే ఊరు, అదే జాజ్ పిచ్చి, అదే కుర్చీ. యాభై ఏళ్లకి పైగా రోలింగ్ స్టోన్స్ లాంటి అల్లరి బ్యాండుని వెనక కూచుని మోశాడు. మర్యాదస్తుడని, నెమ్మదస్తుడని పేరు. ప్రతిభకి కోపం ఖరీదు అయితే వాట్స్ ఆ ఖరీదు ఎందుకు కట్టలేదు?

అలాగని బేకర్ కోపమంతా ఉత్తిదే అని కూడా అనను. ఒక సంగతి చూడండి. పాట అమ్ముడైతే బ్యాండులో అందరికీ వాటా వస్తుంది. కానీ పాట రాసినవాళ్లకి, ట్యూన్ కట్టినవాళ్లకి హక్కుల డబ్బు వేరే, అది ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. 'వైట్ రూమ్' మొదట్లో ఆ అయిదు లెక్క తనదేనని బేకర్ చెప్పేవాడు. 'సన్‌షైన్'ని ఆ తిరగేసిన దరువు లేకుండా ఊహించలేం. అయినా రెండు పాటల మీదా రచయితగా ఆయన పేరు లేదు. దరువుని పాటలో భాగంగా లెక్కగట్టే పద్ధతి లేదు. ఆ మంట చచ్చేదాకా చల్లారలేదు. మన పల్లెల్లో పుట్టిన దరువులు ఎన్ని సినిమా పాటలకి ఎక్కలేదు? వాటిని కనిపెట్టిన చేతుల పేర్లు ఏ టైటిల్స్‌లో చూశాం? ఎండలో నిలబెట్టినప్పుడు మా మేస్టారి మొహంలో చూసింది ఆ మంటే.

అవమానం పడ్డవాడి కోపానికి కారణం ఉంటుంది. తండ్రిని పోగొట్టుకున్నవాడి కోపానికీ ఉంటుంది. కానీ ఆ కోపం ఎవరి మీద దిగింది? హక్కుల డబ్బు పంచుకున్నవాళ్ల సంగతేమో గానీ, ఇంట్లోవాళ్ల మీద, తోటి వాద్యగాళ్ల మీద, కెమెరా పట్టుకొచ్చిన కుర్రాడి ముక్కు మీద. పెళ్లిపెద్ద మీద నోట్లు విసిరిన చెయ్యీ, నా వేలు విరగ్గొట్టిన చెయ్యీ ఒకటే. మొదటిదానికి దణ్ణం పెడతా. దానికోసం రెండోదాన్ని మాఫీ చెయ్యక్కర్లేదు. ఇన్నాళ్లూ రెండిట్లో ఒకటే పట్టుకోవాలనుకుని ఆయన చావుకి కూడా వెళ్లలేదు. అది నా తప్పు.

'రోలింగ్ స్టోన్' పత్రిక 2016లో వందమంది గొప్ప డ్రమ్మర్ల జాబితా వేసింది. బేకర్‌ది మూడో స్థానం. ముందున్న ఇద్దరూ జాన్ బోనమ్, కీత్ మూన్. జీవితమంతా ఆయన తీసిపారేసిన ఇద్దరే అక్కడ కూచున్నారు. ఆ జాబితా చూసి ఆయన ఏమన్నా అని ఉంటే, ఇక్కడ అచ్చు వెయ్యడానికి పనికొచ్చేది కాదు లెండి.

కొడుకులు

బేకర్ కొడుకు పేరు కోఫీ. ఘనాలో శుక్రవారం పుట్టిన మగపిల్లలకి పెట్టే పేరు. అతనూ డ్రమ్మరే. తండ్రితో ఎంత కష్టమైందో ఆ డాక్యుమెంటరీలోనే కనిపిస్తుంది. కానీ 2017లో అతనేం చేశాడో తెలుసా? జాక్ బ్రూస్ కొడుకు మాల్కమ్‌తో కలిసి క్రీమ్ పాటలు వాయిస్తూ దేశాలు తిరిగాడు. తండ్రులు కొట్టుకున్న పాటల్ని కొడుకులు పక్కపక్కన నిలబడి వాయించారు. ఆ వీడియోలు చూస్తుంటే దరువు అదే, ఆ విసురూ అదే. అయినా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటున్నారు.

అది చూశాక మంగళవారం, విజయదశమి సాయంత్రం, మేస్టారి ఇంటికి వెళ్లా. పదమూడేళ్ల తర్వాత.

కొడుకు వాకిట్లో ఆటో కడుగుతున్నాడు. దసరా కదా, బొట్లు పెట్టాలి, నిమ్మకాయలు కట్టాలి. నన్ను చూసి నీళ్ల మగ్గు కింద పెట్టాడు. "ఇన్నాళ్లకి దారి తెలిసిందేటి?" అన్నాడు. లోపల గోడకి మేస్టారి ఫోటో, దానికింద మేకుకి సైడు డ్రమ్ము. పైన తోలు వదులైపోయింది. దానికీ ఇవాళ బొట్టు పెట్టారు, ఆయుధపూజ కదా.

"నువ్వు వాయించట్లేదా?" అన్నా.

"నానా? పుల్ల ముట్టుకుంటే ఇప్పటికీ ఈపు సుర్రుమంటాది." కాసేపాగి ఫోటో వైపు చూశాడు. "మా అయ్య నీకు తాళం ఇచ్చినాడు, దెబ్బలూ ఇచ్చినాడు. నాకు దెబ్బలే మిగిల్నాయిరా."

నా దగ్గర జవాబు లేదు. సారీ చెబుదామని నోటిదాకా వచ్చింది, ఎవరి తరఫున చెప్పాలో తెలియలేదు. వాళ్లావిడ టీ తెచ్చింది. టీ తాగుతుంటే వాకిట్లోంచి చప్పుడు. వాడి కూతురు, ఏడెనిమిదేళ్లుంటాయి, తడి ఆటో సీటు మీద అరచేతుల్తో దరువేస్తోంది. ఎవరూ నేర్పలేదట. టీవీలో పాటొచ్చినా, వానొచ్చినా అంతేనట. నేను విన్నా. తాళం కాస్త పరిగెడుతోంది. కానీ ఎడం కాలు మాత్రం నేల మీద నిదానంగా, సమంగా పడుతోంది.

వాడు కూడా వింటున్నాడు. నా వైపు చూడకుండా, గ్లాసులోకి చూస్తూ అడిగాడు. "దానికి నేర్పుతావేటి? కొట్టకుండా?"

ఆదివారం వస్తానన్నా. డ్రమ్ముకి కొత్త తోలు వేయించాలి, అనకాపల్లిలో ఎవరైనా ఉన్నారేమో కనుక్కోవాలి. ముందు మాత్రం డ్రమ్ము ముట్టుకోం. చెరకు తోటల మధ్య ఆ మట్టి రోడ్డు ఇంకా ఉంది. వట్టి చేతులతో నడుస్తాం.